అరువు నవ్వు

పోయిన నెలలో ఉపవాస కూడికలో వాక్యం చెప్పడానికి నందిగామ వెళ్ళాను. బస్సు దిగేసరికి సెంటర్లో కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ మీద ఆయన కనిపించాడు. చుట్టూ పూల అంచు, కింద 'అశ్రు నివాళి', దాని కింద బంధువుల పేర్లు. చివరి రోజుల్లో నందిగామలో కూతురి దగ్గర ఉంటున్నాడని విన్నాను గాని, పోయిన సంగతి నాకు తెలియదు.

ఫ్లెక్సీల మీద చనిపోయినవాళ్ళు కూడా కాస్తో కూస్తో నవ్వుతూ ఉంటారు. ఇంట్లోవాళ్ళు పెళ్ళి ఆల్బంలోంచి వెతికి మరీ అలాంటి ఫోటో తీస్తారు. ఈయనకు అలాంటిది ఒక్కటీ దొరికినట్టు లేదు. ఎదుటివాడు మొదలుపెట్టిన జోకు ఎప్పుడు ముగిస్తాడా అని ఓపిగ్గా కనిపెట్టుకుని ఉన్న ముఖం. జీవితమంతా నవ్వించడమే పనిగా బతికిన మనిషి ఆ ముఖంతోనే వెళ్ళిపోయాడు.

నేను విశ్వాసిని. సండే స్కూల్లో చేరిన రోజు నుంచి ఈ రోజు దాకా మందిరం చాప మీదే పెరిగాను. వాక్యం చెప్పడం ఎక్కడ నేర్చుకున్నావు బ్రదర్ అని ఎవరైనా అడిగితే, ప్రార్థనలో అని చెబుతాను. అది నిజమే. కాకపోతే కొంత భాగం జగ్గయ్యపేటలో ఒక స్టీలు సామాన్ల కొట్టు మేడ మీద నేర్చుకున్నాను. అక్కడ కేబుల్ టీవీకి అరగంట హాస్య కార్యక్రమం తయారయ్యేది. నేర్పినవాడు ఈయన. సంఘంలో ఈ భాగం నేను ఎక్కువగా సాక్ష్యం చెప్పను.

ఊళ్ళో అందరూ ఆయన్ని డైరెక్టరు గారు అనేవారు. ఆ పిలుపులో గౌరవం పాలెంతో, వేళాకోళం పాలెంతో పిలిచేవాణ్ణి బట్టి ఉండేది. కొట్టు వాళ్ళ అన్నగారిది. వ్యాపారస్తుల కుటుంబం. ఈయన ఒక్కడూ హైదరాబాదు పోయి, టీవీ హాస్య సీరియళ్ళు రాసి, తీసి, మళ్ళీ ఊరికి వచ్చేశాడు. ఎందుకొచ్చేశారండీ అంటే ఒకటే సమాధానం.

"అక్కడ జనాన్ని నవ్వించాలంటే ముందు ఆఫీసులో నలుగుర్ని ఒప్పించాలి మాస్టారూ. వాళ్ళు ఒప్పుకునేసరికి నాకే అందులో నవ్వొచ్చేది గాదు."

నన్ను పట్టుకున్నది మా క్రిస్మస్ కార్యక్రమంలో. తొంభైల చివర, కేబుల్ వైర్లు డాబాల మీదుగా ఇంటింటికీ పాకుతున్న రోజులు. ఆ ఏడు సండే స్కూలు మాస్టారుగా పిల్లల చేత నేను వేయించిన నాటకంలో, కొండంత సైనికుడొకడు చిన్న గొర్రెల కాపరి వడిసెల దెబ్బకు కూలిపోతాడు. కూలిపోయాక అతని చేత పశ్చాత్తాపం గురించి చాలాసేపు మాట్లాడించాను. అంతమంది అన్యజనులు వచ్చినచోట సువార్త ఉండాలి గదా అని. అయిపోయాక ఆయన వెనక నుంచి వచ్చి అడిగాడు.

"మీరేనా రాసింది?"

"అవునండి."

"పడ్డవాడు మాట్లాడకూడదండి. మాట్లాడుతున్నాడంటే ఇంకా పడలేదనే అర్థం."

"నీతి అంతా అక్కడే గదండీ ఉంది?"

"నీతి రాయితోనే తగిలింది గదా. మళ్ళీ నోటితో ఎందుకు?"

నాకు కోపం వచ్చింది. ఇంటికెళ్ళి గ్రంథం తెరిచి చూస్తే, అక్కడ కూడా పడ్డవాడు ఏమీ మాట్లాడలేదు.

ఆయన కోసం రాయడానికి సంఘ పెద్దల అనుమతి అడిగాను. మాలో పెద్దాయన ఏలీయా గారు, పంచాయతీ సమితి ఆఫీసులో చేసి రిటైరైన మనిషి. షరతులు పెట్టారు. సినిమా పాట ఉండకూడదు. ఆదివారం షూటింగు ఉండకూడదు. తాగుబోతు వేషం అసలే ఉండకూడదు. వాటిని నేను బెరుకుగా డైరెక్టరు గారికి చెప్పాను.

"తాగుబోతు లేడంటే మనం రాయాల్సొస్తుంది. పర్లేదు, రాద్దాం."

ఆయన దగ్గర పనిచేసినవాళ్ళకు మొదటి నెలలోనే ఒక సంగతి తెలిసిపోయేది. రాసింది చదివి వినిపిస్తే "బాగుంది" అన్నాడంటే ఆ కాగితం చింపెయ్యాలి. ఏమీ అనకుండా మోకాలు గోక్కున్నాడంటే దాన్ని ఉంచుకోవాలి. "బాగుంది అనడానికి మనిషికి తీరుబడి ఉండాలండి. తీరుబడి దొరికిందంటే మనం వాణ్ణి పట్టుకోలేదన్నమాట" అనేవాడు. ఆ దెబ్బతో, కూడిక అయ్యాక గుమ్మం దగ్గర చెయ్యి పట్టుకుని "వాక్యం చాలా బాగుంది బ్రదర్" అనేవాళ్ళను చూస్తే ఇప్పటికీ నాకు గుండె జారుతుంది.

రాసినదాన్ని పరీక్షించే పద్ధతి ఒకటి ఉండేది. ఆ పద్ధతి ఇంకెక్కడా ఉండదనుకుంటాను. కొట్లో బిందో పళ్ళెమో కొన్నవాళ్ళు దాని మీద పేరు కొట్టించుకుంటారు. కుర్రాడు మిషనుతో జుర్రుమని అక్షరాలు చెక్కుతుంటే వాళ్ళు బల్ల మీద కూర్చుని ఉండాలి. డైరెక్టరు గారు సరిగ్గా అప్పుడు కాగితాలు పట్టుకుని మేడ దిగేవాడు. చందర్లపాడు నుంచి ఆడపడుచు సారె సామాను కొనడానికి వచ్చినవాళ్ళకు, ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీ డ్రైవర్లకు ఒకే గొంతుతో చదివి వినిపించేవాడు. ఒకసారి ఒక పెద్దావిడ మధ్యలోనే, "ఇదంతా ఎందుకు చెప్తున్నావు నాయనా, బిందె మీద మా ఆయన పేరు తప్పు కొడుతున్నాడేమో చూడు ముందు" అంది. ఆయన మేడ మీదికి వచ్చి ఆ పేజీ కొట్టేశాడు.

"బిందె కంటే మనది చిన్నదైపోయింది మాస్టారూ."

సువార్త చెప్పకుండా నేను ఉండలేను గదా. చాలాసార్లు చెప్పాను. ఆయన ఎప్పుడూ అడ్డు తగల్లేదు. వినడంలో మా సంఘంలో సగంమంది కంటే శ్రద్ధగలవాడు. ఒక రోజు మాత్రం అడిగాడు.

"మీ ప్రభువు నవ్వాడని ఎక్కడన్నా రాశారా?"

"లేదండి. కన్నీళ్ళు పెట్టుకున్నాడని రాశారు."

"రాసినవాళ్ళు పనితనం ఉన్నవాళ్ళు. నవ్వాడని రాస్తే చదివేవాడు నవ్వడు. ఏడ్చాడని రాస్తే ఆగుతాడు."

దీన్ని నేను రక్షణకు దగ్గరైన మాటగా లెక్కవేసుకుని ఆ సాయంత్రం ప్రార్థనలో పెట్టాను. తర్వాత ఆలోచిస్తే అది ఒక రచయితను మరొక రచయిత మెచ్చుకోవడమే.

కార్యక్రమం శనివారం జగ్గయ్యపేటలో వచ్చేది. ఆ క్యాసెట్టే బస్సులో నందిగామ వెళ్ళి, తర్వాతి వారం ఆదివారం సాయంత్రం అక్కడ పడేది. మా జోకులకు నందిగామ వాళ్ళు వారం ఆలస్యంగా నవ్వేవారు. ఖర్చు పెట్టేది ఒక మిర్చి వ్యాపారి. ఆయనకు అన్నీ నచ్చాయి గాని ఒక లోటు కనిపించింది.

"పెద్ద ఛానళ్ళలో వెనక జనం నవ్వుతారు గదండీ. మనదాంట్లో ఎవరూ నవ్వట్లేదేంటి? చూసేవాడికి ఎక్కడ నవ్వాలో ఎట్టా తెలుస్తది?"

డైరెక్టరు గారికి ఆ పద్ధతి గిట్టదు. అయినా హైదరాబాదు నుంచి నవ్వుల క్యాసెట్ తెప్పించి విన్నాడు. "ఇది చొక్కా టక్ చేసుకున్నవాళ్ళ నవ్వండి. మన ఊరి నవ్వు కాదు" అని పక్కన పెట్టేశాడు. పెళ్ళిళ్ళలో రికార్డు చేద్దామంటే బ్యాండు మేళం మింగేసింది. కొట్లో మైకు పెడితే ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. చివరికి మా మందిరానికి వచ్చాడు. మళ్ళీ క్రిస్మస్ దగ్గర పడింది. నాటకాన్ని కెమెరాతో తీసి, ఆడవాళ్ళ చాపల పక్కన మైకు పెట్టుకుంటానంటే, దేవుని కార్యక్రమం నలుగురికీ తెలుస్తుందని ఏలీయా గారు ఒప్పుకున్నారు.

మా సంఘంలో ఎస్తేరమ్మ గారని ఉండేవారు. మిరపకోతలకు, పత్తితీతకు వెళ్ళే మనిషి. ఆమె నవ్వు ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. ఎండాకాలం బోరింగు కొట్టినట్టు ముందు ఉత్త గాలి, తర్వాత రెండు దగ్గులు, ఆ మీద ఒక్కసారిగా ధార. అది మొదలైతే చుట్టూ ఉన్నవాళ్ళు కారణం తెలియకపోయినా నవ్వాల్సిందే. ఆ క్రిస్మస్ నాటకంలో ఒకచోట ఆమె అలా నవ్వారు. మందిరమంతా ఆమె వెనక నవ్వింది. మైకు మొత్తం పట్టుకుంది. డైరెక్టరు గారు మర్నాడు వెళ్ళి అడిగాడు.

"అమ్మా, మీ నవ్వు మా ప్రోగ్రాంలో వాడుకుంటాం."

"నవ్వు వాడుకునేదేముంది బాబూ. అరిగిపోద్దా ఏంది."

ఆ రోజు నుంచి ఏ జోకు వెనకైనా ఎస్తేరమ్మ గారే. జనం ఆ నవ్వు కోసమే చూడటం మొదలుపెట్టారు. నాకది కొంచెం బాధగానే ఉండేది. ఎంత కష్టపడి రాసినా పేరు బోరింగుకే పోయేది.

కొన్నాళ్ళకు మిర్చి వ్యాపారి బావమరిదికి నటించాలనిపించింది. అతనికి వచ్చిన వేషం ఒకటే, తాగుబోతు. స్పాన్సరు మాట కాదంటే కార్యక్రమమే ఆగుతుంది. డైరెక్టరు గారు నాతో, "ఈ వారం మీ పేరు వెయ్యట్లేదు మాస్టారూ. మీ పెద్దలకిచ్చిన మాట పోకూడదు" అని, తనే రాసుకున్నాడు. తాగినవాడు ఇంటికొచ్చి గడప తగిలి బోర్లా పడతాడు. అంతే ఘట్టం. పడగానే వెనక నవ్వు వచ్చింది. ఎస్తేరమ్మ గారి నవ్వు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆమె భర్త తాగి తాగి పోయాడు. ప్రతి ఏడాది ఆఖరి రాత్రి కూడికలో ఆమె చెప్పే సాక్ష్యం అదే. ఆయన గడప మీద పడిపోవడం, ఆమె రెండు చేతులూ పట్టి లోపలికి లాక్కోవడం, ఆ ఇంట్లోంచి దేవుడు తనను ఎలా నిలబెట్టాడో చెప్పడం. అలాంటి మనిషి తాగుబోతు పడితే పగలబడి నవ్విందని జగ్గయ్యపేట అంతా విన్నది.

మర్నాడు ఆదివారం ఆరాధనలో ఏలీయా గారు ఆమెను బల్లకు దూరంగా ఉంచారు. మాలో ప్రతి ఆదివారం రొట్టె విరిచి ఒకరికొకరం అందించుకుంటాం. దాన్నే బల్ల అంటాం. తప్పు తేలేదాకా కొందరు వెనక చాప మీద కూర్చోవాలి, పళ్ళెం వాళ్ళను దాటి వెళ్ళిపోతుంది. తెలియనివాళ్ళకు అదొక చిన్న రొట్టె ముక్క. మాకు అంతకంటే పెద్ద శిక్ష లేదు. పళ్ళెం దాటిపోతుంటే ఎస్తేరమ్మ గారు దాని వంక చూడలేదు, తలా ఎత్తలేదు.

బుధవారం సాయంత్రం ప్రార్థన అయ్యాక విచారణ జరిగింది.

"సోదరీ, వాళ్ళు ఆ వేషం వేస్తుంటే నువ్వెళ్ళి కూర్చుని చూశావా?"

"లేదయ్యగారూ."

"మరి ఆ నవ్వు నీది కాదా?"

"నాదే అయ్యగారూ."

"చూడకుండా ఎట్టా నవ్వావు?"

నేను లేచి, నవ్వు ఒకప్పటిది, బొమ్మ ఒకప్పటిది, రెండింటినీ మిషను మీద కలుపుతారని వివరించాను.

"అంటే నవ్వనిదాన్ని నవ్వినట్టు చూపించారు. అది అబద్ధ సాక్ష్యం కాదా బ్రదర్?" అన్నారు ఏలీయా గారు. నేను కూర్చున్నాను. టీవీలో నవ్వు వినిపిస్తే అక్కడ కూర్చున్న మనిషే నవ్వుతున్నాడని అనుకునేంత నిజాయితీ మా వాళ్ళది. వాళ్ళకు ఎడిటింగ్ గురించి ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

ఇంతలో గుమ్మం బయట రిక్షా ఆగింది. డైరెక్టరు గారు టీవీ, వీసీఆర్ దింపించుకుని, చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. నేనే కబురు చేశాను. ఆయన వైర్లు కలిపి, క్రిస్మస్ నాటకం క్యాసెట్ పెట్టాడు.

తెర మీద తలపాగా చుట్టుకుని ఏలీయా గారు నిలబడి ఉన్నారు. ఆ ఏడు సత్రం యజమాని వేషం ఆయనదే. ఉన్నది ఒకే మాట, "చోటు లేదు." నిండు గర్భిణిని వెంటబెట్టుకుని భర్త వచ్చి అడిగాడు.

"అయ్యా, ఈ రాత్రికి మాకు కాస్త చోటుందా?"

ఏలీయా గారు మందిరం గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్ళను పిలవడం మొదలుపెట్టి ఎన్నేళ్ళయిందో నాకు తెలియదు. తెర మీద ఆయన నోరు తనంతట తానే తెరుచుకుంది.

"రండి, రండి. చోటుంది. లోపలికి రండి, ఇంకా ముందుకి రండి."

దంపతులు ఎటూ కదలలేక నిలబడిపోయారు. సత్రంలో చోటు దొరికితే ప్రభువు పశువుల పాకలో పుట్టడు, కథ అక్కడితో ఆగిపోయింది మరి. తలపాగా ఏలీయా గారు కంగారుపడి, "లేదు, లేదు... అంటే ఇందాక ఉండేది" అన్నారు. ముందు గాలి, తర్వాత రెండు దగ్గులు, ఆ మీద ధార. మందిరమంతా పగిలిపోయింది.

బుధవారం కూడికలో మాత్రం ఎవరూ నవ్వలేదు. అందరూ ఏలీయా గారి వంక చూస్తున్నారు. ఆయన తెర వంక చూస్తున్నారు.

"ఇంకోసారి వెయ్యండి" అన్నారు.

డైరెక్టరు గారు మళ్ళీ వేశాడు. ఏలీయా గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నా మీద నవ్వింది. పాపమేమీ లేదు. సోదరి ఆదివారం బల్ల తీసుకోవచ్చు."

అందరికీ ఊపిరి వచ్చింది. ఎస్తేరమ్మ గారు మాత్రం లేచి నిలబడ్డారు.

"నేను తీసుకోనయ్యగారూ. మీ మాట తప్పు గాదు, ఈ బాబూ అబద్ధం చెప్పలా. కానీ ఆ తాగినోడు గడప మీద పడ్డప్పుడు ఊరంతా ఇన్నది నా నవ్వేగా. మా ఆయనా అట్టాగే పడేవోడు. అప్పుడు నేను నవ్వలా. ఇప్పుడు నవ్వినట్టైపోయింది." డైరెక్టరు గారి వైపు తిరిగారు. "నందిగామలో గూడా ఏస్తారంటగా. అక్కడన్నా నా నవ్వు ఇనపడకుండా చెయ్యండి బాబూ. అప్పుడు ముట్టుకుంటా బల్ల."

ప్రతి మాటకూ సమాధానం ఉన్న మనిషి. ఆ రోజు "సరేనమ్మా" అని మాత్రం అన్నాడు.

సరే అనడం తేలికే. నవ్వు కలపక ముందటి టేపు మీద అప్పటికే తర్వాతి వారం ఘట్టం రికార్డు చేసేశారు. మాటలూ నవ్వూ కలిసిపోయిన క్యాసెట్ ఒక్కటే మిగిలింది. పోనీ ఆపేద్దామంటే నందిగామలో మిర్చి వ్యాపారి అత్తవారు తమ కుర్రాణ్ణి టీవీలో చూడటానికి చుట్టాలందరికీ చెప్పుకున్నారు. "ఆపితే నా సంగతి చూసుకోండి, మీ ప్రోగ్రాం సంగతి కూడా" అన్నాడు వ్యాపారి. డైరెక్టరు గారు తనే నందిగామ బయల్దేరాడు. నాకు ఆదివారం ఆ పని కూడదు గదా. ఏలీయా గారే పిలిచి, "సాక్షి లేకపోతే ఆ అమ్మ నమ్మదు. వెళ్ళండి బ్రదర్" అన్నారు.

నందిగామ కేబుల్ గది ఒక టీ హోటల్ పైన. కింద హోటల్లో టీవీ, దాని ముందు బల్లల నిండా జనం. కార్యక్రమం మొదలైంది. డైరెక్టరు గారు సౌండు మీట మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. ఏ మాట తర్వాత ఎంతసేపు నవ్వుందో ఆయనకు కంఠతా వచ్చు. నవ్వు వచ్చే ముందు క్షణంలో తగ్గించేవాడు, మాట మొదలయ్యే ముందు పెంచేవాడు. ఒక్కచోట కూడా జారలేదు. తన జీవితంలో అంత కచ్చితంగా చేసిన ఎడిటింగు అదే కావచ్చు. దాన్ని చూసినవాణ్ణి నేనొక్కణ్ణే.

కింద జనం గొణగడం వినిపించింది. "సౌండు పోతందేందిరా." "క్యాసెట్ అరిగిపోయిందిలే."

తాగుబోతు గడప దగ్గరికి వచ్చాడు. పడ్డాడు. డైరెక్టరు గారి చెయ్యి కిందికి దిగింది. గదిలో ఏ చప్పుడూ లేదు. ఇద్దరం మెట్ల వైపు చెవి పెట్టి విన్నాం. గాజు గ్లాసుల చప్పుడు. ఆ తర్వాత ఎవరో ముసలాయన గొంతు.

"అయ్యో, దెబ్బ తగిలిందేమోరా."

డైరెక్టరు గారు మీట మీద నుంచి చెయ్యి తీయలేదు. "విన్నారా మాస్టారూ. మనిషి పడితే ముందు వచ్చే మాట అదండి. మనం దాని మీద నవ్వు పోశాం" అన్నాడు. తర్వాత మాట వచ్చే చోటు దాటిపోయింది. మీట పెంచడం ఆయన మరిచిపోయాడు. నేనూ గుర్తు చేయలేదు.

తన బావమరిది పడితే నవ్వు లేకుండా చేశారని వ్యాపారి అన్నంత పనీ చేశాడు. కార్యక్రమం కొన్ని వారాలు వెనక నవ్వు లేకుండా, ఖర్చు పెట్టేవాడు లేకుండా ఈడ్చుకుంటూ నడిచి, ఆగిపోయింది. డైరెక్టరు గారు పేరు కొట్టే మిషను పక్కన కూర్చుని అన్నగారికి లెక్కలు చూసిపెట్టాడు.

నందిగామ నుంచి వచ్చిన మర్నాడే, సోమవారం ఉదయం, నేను ఎస్తేరమ్మ గారిని వెతుక్కుంటూ చిల్లకల్లు వైపు మిరప చేనుకు వెళ్ళాను. ఆమె సాలులోంచి లేచి, నడుముకు కట్టుకున్న గోనెపట్టా సర్దుకున్నారు.

"తీసేశాడమ్మా. నేనక్కడే ఉన్నాను. మీ నవ్వు ఒక్కచోట కూడా వినపడలేదు."

"నాది సరే. జనం నవ్వారా, ఆయన పడ్డప్పుడు?"

"లేదమ్మా."

"ఒక్కళ్ళు గూడానా?"

"ఒక్కళ్ళు గూడా నవ్వలేదు. ఎవరో అయ్యో అన్నారు."

"దేవుడికి స్తోత్రం" అన్నారామె, చేతులు రెండూ జోడించి. ఒక హాస్య కార్యక్రమానికి దేవుడి సన్నిధిలో అలాంటి మెప్పు మరెప్పుడైనా దక్కిందేమో నాకు తెలియదు.

తర్వాతి ఆదివారం ఆమె వెనక చాప మీద నుంచి లేచి వచ్చి తన చోట కూర్చున్నారు. పళ్ళెం చేతి నుంచి చేతికి వచ్చి ఆమె దగ్గర ఆగింది. ఎస్తేరమ్మ గారు రొట్టె విరుచుకున్నారు. అందరికంటే కొంచెం పెద్ద ముక్కే.